పాఠకుల ప్రశ్నలు: హార్బరు పనిలో పోయిన ముత్తాతగారి జాడ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా ముత్తాతగారు విశాఖపట్నం హార్బరు కడుతున్న రోజుల్లో అక్కడ పనిచేస్తూ ప్రమాదంలో చనిపోయారని మా ఇంట్లో చెప్పుకుంటారు. క్రేను గొలుసు తెగి ఇనుప దూలం మీద పడిందని మా నాన్నమ్మ చెప్పేది. పడవ మీంచి జారి నీళ్లలో పడ్డారని చిన్నతాతగారి మాట. దొరలు విషయం పొక్కనివ్వలేదని, పోలీసులు ఏదో కాగితం రాసి ముగించేశారని కూడా అంటారు. ఇంగ్లీషు తేదీ ఎవరికీ తెలియదు. ఆబ్దికం మాత్రం కార్తీక బహుళ దశమినాడు పెడుతున్నారు. పాత పద్దు పుస్తకంలో ఆయన పేరు పక్కన ‘శ్రీముఖ’ అని రాసి ఉంది. ఆనాటి పత్రికలూ పంచనామా కాగితాలూ చూసి నిజం తెలుసుకునే వీలుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వీలుంది. అయితే పత్రికల దగ్గర మొదలుపెట్టకండి, ముందు తేదీ తేల్చుకోండి. పాత దినపత్రికలకు గానీ కచేరీ రికార్డులకు గానీ పేర్ల సూచిక ఉండదు. తేదీ, స్థలం చేతిలో లేకుండా వాటిలోకి దిగినవారు నెలల తరబడి పుటలు తిప్పి విసిగిపోతారు. అదృష్టవశాత్తు మీకు కావలసిన తేదీ మీ ఇంట్లోనే ఉంది. శ్రీముఖ నామ సంవత్సరం 1933 ఉగాదితో మొదలై 1934 ఉగాదికి ముగిసింది. అరవై ఏళ్లకు గానీ తిరిగిరాని పేరు కనుక దాని ముందరి శ్రీముఖ 1873లోనూ తరవాతిది 1993లోనూ పడతాయి. హార్బరు నిర్మాణం 1920ల చివర మొదలైంది కనుక మీ విషయంలో 1933 తప్ప మరొకటి కుదరదు. ఆ ఏడాది కార్తీక బహుళ దశమి నవంబరు 12 ప్రాంతంలో వస్తుంది. ఒక రోజు అటూ ఇటూ చూసుకోవాలి, ఎందుకంటే తిథి అర్ధరాత్రితో మారదు. పైగా తెల్లవారుజామున పోయినవారిని ఇంట్లో ముందు రోజు లెక్కలోనూ, పోలీసు కాగితంలో మర్నాటి తేదీ కిందా రాసి ఉండవచ్చు. ఆ సంవత్సరపు పంచాంగం ఎక్కడైనా దొరికితే తిథి ప్రవేశించిన వేళ, విడిచిన వేళ రాసిపెట్టుకోండి.

ఇక్కడ ఇతర పాఠకులకు ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రమాదంలో పోయినవారికి మహాలయ పక్షంలో చతుర్దశినాడు శ్రాద్ధం పెట్టే ఆచారం ఉంది. దాన్ని చనిపోయిన తిథి అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఏటా పెట్టే ఆబ్దికం తిథినే తీసుకోవాలి. మీ ఇంట్లో అది కార్తీకంలో ఉంది కనుక మీకు ఆ చిక్కు లేదు.

ఈ తేదీ తెలియగానే మీ కథ మరికొంచెం విప్పారుతుంది. విశాఖ హార్బరులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న వచ్చింది. వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ డిసెంబరు 19న లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. మీ ముత్తాతగారు పోయింది ఈ రెండింటికీ నడుమ. అంటే ఒక పక్క మిగిలిన పని సాగుతూనే ఉంది, మరో పక్క ఓడల్లోకి సరుకు ఎక్కించటం, దించటం మొదలయ్యాయి. క్రేను కథా పడవ కథా రెండూ నమ్మదగినవే అవుతాయి. ఆయన కట్టుబడి కూలీయా, సరుకు మోసే కళాసీయా అన్నది తేలితే ఎవరి కింద పనిచేశారో తేలుతుంది. నిర్మాణం బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వేది. దాని కింద కంట్రాక్టర్లు, వారి కింద మేస్త్రీలు ఉండేవారు. ఓడ సరుకు పనిలో కూలీలను పెట్టుకునేది వేరే కంపెనీలు. కాగితం ఎవరి దగ్గర పుట్టిందో తెలియాలంటే ఈ తేడా తెలియాలి. ఇంట్లో పెద్దవాళ్లను ‘ఎలా పోయారు’ అని కాక ‘ఎవరి దగ్గర పని’, ‘మేస్త్రీ ఏ ఊరివాడు’, ‘కూలి వారానికా నెలకా’ అని అడిగి చూడండి. చావు కథ చెప్పగా చెప్పగా మారుతుంది కానీ మేస్త్రీ ఊరు అంతగా మారదు.

ఇక పత్రికలు. 1933 నాటికి విశాఖ వార్తలు పెద్ద పత్రికల్లో చూడాలంటే మద్రాసులో అచ్చయినవాటినే చూడాలి. తెలుగులో 1914 నుంచి దినపత్రికగా మద్రాసులో వెలువడుతున్న ఆంధ్రపత్రిక మొదటిది. ఆంధ్రప్రభ 1938లో గానీ పుట్టలేదు కనుక దాని జోలికి వెళ్లనక్కరలేదు. బందరు నుంచి వచ్చిన కృష్ణాపత్రిక వారపత్రిక. దానిలో ఒక కూలీ మరణం కనబడుతుందన్న ఆశ నాకు తక్కువ. ఇంగ్లీషులో హిందూ, మద్రాస్ మెయిల్ ఉన్నాయి. చాలామందికి తట్టనిది ఒకటుంది: బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం కలకత్తాలో ఉండేది కనుక హార్బరు వార్త కలకత్తా స్టేట్స్‌మన్‌లో పడే అవకాశం ఉంది. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించిన పాత పత్రికల్లో ఆంధ్రపత్రిక సంపుటాలున్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చెన్నై కన్నెమరా గ్రంథాలయం కూడా పాత పత్రికలకు పేరున్నవి. ఎక్కడికైనా బయలుదేరే ముందు 1933 నవంబరు సంపుటం ఉందో లేదో ఉత్తరం రాసి కనుక్కోండి.

చదివేటప్పుడు మూడు సంగతులు మనసులో పెట్టుకోండి. విశాఖ వార్త మద్రాసు చేరి అచ్చుకావటానికి రోజులు పట్టేది. కాబట్టి 12వ తేదీ సంచికతో ఆగిపోక నెలాఖరు దాకా చూడాలి, ఆపైన వైస్రాయి రాక సందర్భంగా డిసెంబరులో హార్బరు గురించి వచ్చిన పెద్ద వ్యాసాలు కూడా చూడాలి, ఎందుకంటే పనిలో పోయినవారి ప్రస్తావన వాటిలో రావచ్చు. రెండోది, మీ ముత్తాతగారి పేరు కోసం వెదకకండి. అలాంటి వార్తలో ఇంజనీరు పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది, చనిపోయినవాడు ‘ఒక కూలీ’ అవుతాడు. స్థలం, తేదీ, ప్రమాదం తీరు కలిస్తే అదే మీ వార్త అనుకుని పక్కన పెట్టుకుని, మరో కాగితంతో సరిచూసుకోవాలి. మూడోది భాష. ఆనాటి తెలుగు పత్రిక గ్రాంథికంలో రాసేది. ‘విశాఖపట్టణము’ అన్న శీర్షిక కింద ‘దుర్మరణము’, ‘అపాయము’, ‘ఆకస్మిక మరణము’ వంటి మాటల మీద కన్ను నిలపండి. ఇంగ్లీషు పత్రికల్లో ఊరు వైజాగపటం అనీ, రైలు స్టేషను వాల్తేరు అనీ ఉంటాయి. వెదికే పెట్టెలో ‘విశాఖపట్నం’ అని మాత్రమే కొట్టి ఏమీ లేదని తేల్చేసేవారిని చూస్తే జాలి వేస్తుంది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన పంచనామా సంగతి. ఇంగ్లండులోలాగా జ్యూరీని కూర్చోబెట్టి విచారించే కారొనర్ విశాఖలో లేడు. మద్రాసు నగరంలో సైతం ఆ పదవిని 1889లో ఒక చట్టంతో తీసివేశారు. కాబట్టి విదేశీ వంశవృక్ష పుస్తకాలు చదివి కారొనర్ రికార్డుల కోసం తిరగకండి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షను ప్రకారం ప్రమాదంలో గానీ యంత్రం వల్ల గానీ ఎవరైనా చనిపోయారని తెలిసినప్పుడు స్టేషను అధికారి మేజిస్ట్రేటుకు కబురు పంపి, శవం ఉన్న చోటికి వెళ్లి, చుట్టుపక్కల గౌరవప్రదమైన ఇద్దరు లేక అంతకన్న ఎక్కువమంది ఎదుట విచారించి, గాయాలు వివరిస్తూ, మరణానికి పైకి కనిపించే కారణం రాసి, వారందరి సంతకాలతో జిల్లా లేక సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకు పంపాలి. మన వైపు దీన్నే శవపంచాయతీ అంటారు, సంతకం పెట్టినవారు పంచాయతీదారులు. అనుమానం ఉంటే శవాన్ని సివిల్ సర్జన్ పరీక్షకు పంపేవారు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లోనే వచ్చింది.

ఆ నివేదిక ఇప్పుడు దొరుకుతుందా అంటే, దొరకదన్న మనసుతోనే వెదకమంటాను. ఎవరిమీదా కేసు కాని మామూలు ప్రమాద మరణపు కాగితాన్ని కలకాలం దాచే ఏర్పాటు లేదు. గడువు తీరిన కాగితాలను తగలబెట్టడానికి వీలిచ్చే చట్టమే 1917లో వచ్చింది. అయినా కలెక్టరు కచేరీ రికార్డు గదిలో ఉందేమో ఒక్కసారి అడగటంలో నష్టం లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టండి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారం విషయంలో ఆ చట్టం 8(3) సెక్షను చాలా మినహాయింపులను ఎత్తివేస్తుంది, కనుక ‘ఇది రహస్యం’ అన్న జవాబుకు చోటుండదు. ‘మా దగ్గర లేదు’ అంటే, ఏ ఉత్తర్వు ప్రకారం, ఎప్పుడు నాశనం చేశారో ఆ రిజిస్టరు నకలు ఇమ్మని రెండో అర్జీ పెట్టండి. ఆ సమాధానం చేతికొస్తే ఈ దారి మూసుకుపోయిందని నిశ్చింతగా మరో దారి పట్టవచ్చు.

ఆ మరో దారి మీద నాకు ఎక్కువ నమ్మకం. పనివారి నష్టపరిహార చట్టం 1923లో వచ్చి 1924 జులై 1 నుంచి అమలైంది. ఓడల్లో సరుకు ఎక్కించే, దించే పనివారు మొదటినుంచీ దాని కిందికి వచ్చారు. పనిలో ఉండగా మనిషి పోతే యజమాని పరిహారపు సొమ్మును నేరుగా ఇంటివాళ్ల చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే చెల్లదు. కమిషనరు దగ్గర జమ చేయాలి, కమిషనరు విచారించి ఆధారపడినవారికి పంచాలి. కంట్రాక్టరు కింద కూలీ అయినా పని చేయించుకున్న అసలు సంస్థ బాధ్యత తప్పించుకోలేదు. 1933 నవంబరులో ఉన్న నిబంధన ప్రకారం పెద్దవాడు పోతే ముప్పై నెలల జీతం లేదా 2500 రూపాయలు, ఏది తక్కువైతే అది. నెలకు 15 రూపాయలు తెచ్చుకునే మనిషి ప్రాణానికి 450 రూపాయలన్నమాట. ఇలాంటి ఫైలు పెట్టి ఉంటే దానిలో ప్రమాదం తేదీ, స్థలం, జీతం, భార్యాపిల్లల పేర్లు, వయసులు ఉండాలి. అంటే పంచనామా ఏమాత్రం పట్టించుకోని మీ కుటుంబం ఇందులో ఉంటుంది. ఈ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆనాటి పబ్లిక్ వర్క్స్ అండ్ లేబర్ శాఖ జీవోల సూచికలు 1933, 1934 సంవత్సరాలవి తిరగేయండి. రైల్వే వైపు కాగితాలకు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) రైల్వే బోర్డు ఫైళ్లు ఉన్నాయి; వాటి జాబితాను అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లోనే కూర్చుని చూడవచ్చు. మీ నాన్నమ్మ వైపు ఎవరికైనా ‘కంపెనీవాళ్లు డబ్బిచ్చారు’, ‘ఆ డబ్బుతో ఫలానా మడిచెక్క కొన్నారు’ అన్న మాట గుర్తుంటే 1934, 1935ల దస్తావేజుల కోసం రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) తీయించటం కూడా ఉపయోగపడుతుంది.

మరణ రిజిస్టరు సంగతి క్లుప్తంగా చెబుతాను. మరణం నమోదయ్యేది జరిగిన చోటే, సొంతవూళ్లో కాదు. అక్కడికక్కడే పోయారా, ఆసుపత్రికి చేర్చాక పోయారా అన్నదాన్నిబట్టి చోటు మారవచ్చు. పాత మున్సిపాలిటీ నమోదులకు ఇప్పుడు నగరపాలక సంస్థను అడగాలి. ఒక మెలిక ఉంది: 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మీకు ఇచ్చే నకలులో మరణ కారణం చూపరు. తేదీ, చోటు ఖాయమైతే చాలు, మిగతాది వేరేచోట చూసుకోవచ్చు.

చివరగా ‘దొరలు పొక్కనివ్వలేదు’ అన్న మాట గురించి. అది జరగలేదని నేను అనను. కానీ శవపంచాయతీ నివేదిక దొరికినా ఆ ప్రశ్నకు దానిలో జవాబుండదు. మనిషి ఎలా పోయాడు, ఎవరైనా చంపారన్న అనుమానం ఉందా అన్నంతవరకే ఆ విచారణ; గొలుసు ఎందుకు తెగింది, దాన్ని ఎవరు పరీక్షించాలి, తప్పెవరిది అన్నవి దాని పరిధిలోవి కావు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 1975లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందువల్ల ‘ప్రమాదవశాత్తు’ అన్న ఒక్క మాట చూసి కంపెనీని నిర్దోషి అనుకోవద్దు, కుట్ర జరిగిందనీ అనుకోవద్దు. పంచాయతీదారులు ఎవరో చూడండి. అందరూ అదే పనిలోని మేస్త్రీలు, గుమాస్తాలు అయితే ఒక అర్థం; కూలీలు, ఊరివాళ్లు కూడా ఉంటే మరో అర్థం. గాయాల వర్ణన శ్రద్ధగా చదవండి: తల పగిలి ఎముకలు విరిగాయని ఉంటే మీ నాన్నమ్మ మాటకూ, ఒంటి మీద దెబ్బ లేదని ఉంటే చిన్నతాతగారి మాటకూ బలం చేకూరుతుంది. నిర్లక్ష్యం జరిగిందా అన్నది తేలాలంటే నష్టపరిహారం ఫైలే గతి. అక్కడ యజమాని తన బాధ్యత కాదని వాదించి ఉంటే ఎందుకు కాదో కాగితం మీద చెప్పక తప్పి ఉండదు.

ప్రశ్న: మా తాతగారి అన్నగారు 1926లో పార్వతీపురం దగ్గరి పల్లెలో తాటిచెట్టు మీంచి పడి చనిపోయారు. నేను విశాఖలో ఉంటాను. పోలీసు కాగితం ఏ జిల్లాలో అడగాలి?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మీ చిక్కు కాగితం కన్నా జిల్లాది. 1926లో పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు దానిలోకి వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా మారిన ప్రతిసారీ పాత కట్టలన్నీ దాని వెంట వెళ్లాయని అనుకోకూడదు. సమాచార హక్కు అర్జీ పార్వతీపురంలో పెడుతూ, తమ దగ్గర లేకపోతే 6(3) సెక్షను కింద ఉన్నచోటికి బదిలీ చేయమని అందులోనే కోరండి. ఆ పల్లె ఏజెన్సీ హద్దులోనిదైతే మరొక ముడి ఉంది: 1839 చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో కలెక్టరు గవర్నరు ఏజెంటుగా వ్యవహరించేవాడు, కాబట్టి ఏజెన్సీ పేరున్న ఫైళ్లు కూడా చూడాలి.

పల్లెలో ఇలాంటి మరణానికి స్టేషను నుంచి ఎవరూ రాకపోయి ఉండవచ్చు. మద్రాసు, బొంబాయి రాజధానుల్లో గ్రామాధికారే ఈ విచారణ జరిపి మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చని 1898 కోడ్‌లోనే ఉంది. మన పల్లెల్లో ఆయన మునసబు. జనన మరణాల లెక్క కూడా ఆయన చేతి మీదే సాగేది. ఈ పదవులు 1984లో రద్దయ్యాయి. అయినా పాత మునసబు, కరణాల ఇళ్లలో అటక మీద లెక్కల పుస్తకాలు మిగిలి ఉండటం కద్దు, కనుక అర్జీ కన్నా ముందు ఆ ఇంటి తలుపు తట్టండి. పత్రికల మీద మాత్రం శ్రమ పెట్టవద్దు. తాటిచెట్టు మీంచి పడిన మనిషి వార్త పార్వతీపురం నుంచి మద్రాసు దాకా ప్రయాణం చేసి ఉండదు.

ప్రశ్న: మా బాబాయి 1991లో విశాఖ శివారులో లారీ గుద్ది చనిపోయారు. అంత పాత పంచనామా లేదని స్టేషనులో చెప్పారు. ఇంకెక్కడైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఉండే అవకాశం మిగిలిన ఇద్దరికన్నా మీకే ఎక్కువ. డ్రైవరు తప్పిదం మీద కేసు నమోదై ఉంటే శవపంచాయతీ నివేదిక, పోస్టుమార్టం సర్టిఫికెట్టు చార్జిషీటుతో పాటు కోర్టుకు వెళ్లి ఉంటాయి. మీ పిన్నిగారు నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో దావా వేసి ఉంటే అవే కాగితాల నకళ్లు అక్కడ సాక్ష్యంగా గుర్తులు వేసి దాఖలయ్యే ఉంటాయి. ముందు ఆవిడను అడిగి వకీలు పేరు, ఓపీ నంబరు (ట్రిబ్యునల్లో ఆ దావాకు ఇచ్చిన నంబరు) తెలుసుకోండి. నంబరు తెలియకపోతే బ్యాంకులో సొమ్ము జమైన సంవత్సరం తెలిసినా జిల్లా కోర్టు రిజిస్టరులో వెదికించవచ్చు. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే పత్రికలు మీకు బాగా పనికివస్తాయి. ఈనాడు 1974లో విశాఖలోనే పుట్టింది, 1989లో జిల్లా అనుబంధం కూడా మొదలుపెట్టింది, కనుక శివారు రోడ్డు మీద జరిగిన ప్రమాదం కూడా మర్నాడో మూడోనాడో అచ్చయ్యే కాలం అది. గ్రంథాలయంలో పాత సంచికలు అడిగేటప్పుడు జిల్లా అనుబంధం కావాలని విడిగా చెప్పండి. చాలాచోట్ల ప్రధాన సంచికను బైండు చేసి అనుబంధాన్ని వదిలేశారు.